ఊగని చేయి

కెమెరాల టెక్నీషియన్‌తో ఆమెకు మళ్ళీ తగువు మొదలైంది.

"మీ కెమెరాల్లో ఏదో తేడా ఉందండీ. కుడిచేయి సరిగా రావడం లేదు," అందామె, తెర మీద నడుస్తున్న బొమ్మను చూపిస్తూ.

టెక్నీషియన్ పెద్దాయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. "ఎడమచేయి బాగానే వస్తోందిగా అమ్మా? నా కెమెరాలకి ఎడమంటే ముద్దు, కుడంటే చేదు అనేం ఉండదు కదా."

"అందుకే ఇంకోసారి చూడమంటున్నా."

"నిన్న చూశాను, మొన్న చూశాను. అద్దాలు తుడిచాను. ఇక వాటి కాళ్ళు పట్టుకోవడమొక్కటే మిగిలింది," అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు.

ఆమె పని వీడియో గేముల్లో మనుషులకు కదలిక పోయడం. నటులు ఒంటికి అతుక్కుపోయే నల్లటి దుస్తులు వేసుకుని, కీలుకీలుకూ మెరిసే చిన్న బంతులు అంటించుకుని, పెద్ద హాల్లో నడుస్తారు, దూకుతారు, కొట్టుకుంటారు. చుట్టూ ఉన్న కెమెరాలకు ఆ బంతులు తప్ప ఏమీ కనబడవు. వాటి కదలికే కంప్యూటర్లోకి ఎముకల గూడులా వచ్చి చేరుతుంది. దానికి చర్మం, బట్టలు తొడగడం వేరేవాళ్ళ పని. ఆ గూడు అచ్చం మనిషిలా కదిలేటట్టు దిద్దడం ఆమె పని.

ఆ ఎముకల గూడు ఆమె సొంత అన్నయ్యది.

గేములో కథానాయకుడు పాతికేళ్ళ కుర్రాడు. పాడుబడ్డ కోటలూ మూతబడిన గనులూ గాలిస్తూ, గోడలు పాకుతూ, తాళ్ళు పట్టుకుని ఊగుతూ తిరుగుతుంటాడు. వాడికి ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఒళ్ళు మాత్రం మొదటి భాగం నుంచీ అన్నయ్యదే. అంతకుముందు సినిమాల్లో హీరోలకు బదులు దూకి ఒళ్ళంతా విరగ్గొట్టుకున్న మనిషి. స్టూడియోలో అందరూ ఆయన్ను స్ప్రింగ్ మాస్టర్ అంటారు. ఆమెను చిట్టీ అని పిలిచేది మాత్రం ఆయనా, వదినా ఇద్దరే.

కిందటి భాగం వచ్చినప్పుడు ఆట బాగుందన్నారు గానీ కట్‌సీన్లు చూసి నవ్వారు. ఆడేవాడు కాసేపు చేతులు ముడుచుకుని కథ చూడాల్సిన ఆ సన్నివేశాల్లో మనుషులు మైనపు బొమ్మల్లా ఉన్నారన్నారు. 'తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడా, బీరువా ఎత్తుతున్నాడా?' అని ఎవడో రాసిన మాట ఎక్కడెక్కడికో పాకింది. దర్శకుడు దాన్ని మర్చిపోలేదు. అసలే ప్రతి షాట్‌కీ 'ఇంకోసారి' అంటాడని చాటున అందరూ ఆయన్ను ఇంకోసారిగారు అని పిలుస్తారు. ఈసారి ఆయన ఇంకోసార్లకు అంతు లేకుండా పోయింది.

అందుకే ఆమెకు ఆ చేయి అంత చిరాకు పుట్టించింది. అన్నయ్య నడిచినప్పుడు ఎడమచేయి ఊగినంతగా కుడిచేయి ఊగడం లేదు. రోజూ రాగానే దాన్ని కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ లాగి ఊపు తెచ్చేది. మర్నాటి షాట్‌లో మళ్ళీ అదే తంతు. వేళ్ళ చివర సన్నటి అదురు కనబడితే అదీ తుడిచేసేది. పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఆ చేయి పగలంతా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. కూర్చునేది, లేచేది, కిటికీ దాకా వెళ్ళేది, వచ్చి మళ్ళీ కూర్చునేది. "కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు," అని పక్క కుర్చీ అమ్మాయి విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళు టీ తాగడానికి బయటికి వెళ్ళారు. తిరిగొస్తుంటే ఆమె చెప్పు పట్టీ ఊడింది. అన్నయ్య ఏదో చెప్పుకుంటూ ముందుకు సాగిపోయాడు. ఆమె వంగి పట్టీ బిగించుకుని తలెత్తింది.

అన్నయ్య ఎడమచేయి హాయిగా ఊగుతోంది. కుడిచేయి నిండు బకెట్టు మోస్తున్నట్టు పక్కనే బిగిసి ఉంది. ఆ చేతిలో ఏమీ లేదు.

ఆ వీధిలో కెమెరాలు లేవు. ఆయన ఒంటి మీద బంతులు లేవు.



అన్నయ్య వెనక్కి తిరిగాడు. "ఏంటే, అక్కడే పాతుకుపోయావ్?"

"చెప్పు ఊడింది," అందామె.

లోపలికి వెళ్ళగానే టెక్నీషియన్ ఎదురయ్యాడు. "మీ కెమెరాలు బాగానే ఉన్నాయండీ," అంది.

"నేనేం చేశానని బాగయ్యాయి?" అన్నాడాయన. ఆమె వెళ్ళి కూర్చుంది. దిద్దడానికి మౌస్ మీద చేయి వెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన ఇంకా రాలేదు. వదిన ఒక బళ్ళో లెక్కల టీచరు. వంటింట్లో కూరగాయలు తరుగుతోంది.

"వదినా, అన్నయ్య కుడిచేయి ఎప్పుడైనా గమనించావా?"

కత్తి ఆగింది.

"చొక్కాలు మానేశాడు," అంది వదిన.

"అంటే?"

"గుండీలున్నవన్నీ బీరువాలో తోసేసి టీషర్టులేసుకుంటున్నాడు. ఈ వయసులో కుర్రవేషాలేంటని నవ్వాను కూడా. మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే కూర్చున్నాడు, వాసనే తెలీలేదు. సంతకం చూశావా ఈ మధ్య? చీమ పాకినట్టుంటోంది." వదిన కత్తి కింద పెట్టేసింది. "ఒక్కోటీ విడివిడిగా చూశానే చిట్టీ. కూడలేదు. లెక్కల టీచర్నయ్యుండి కూడిక చెయ్యలేదు."

అన్నయ్య వచ్చాక ఇద్దరూ కలిసే అడిగారు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పొద్దస్తమానం బొమ్మల్ని చూసి చూసి నీకు మనుషులూ బొమ్మల్లా కనబడుతున్నారు. నన్ను కూడా దిద్దుతావా?"

"డాక్టర్ దగ్గరికెళ్దాం అన్నయ్యా. ఒక్కసారి."

"షూటింగ్ అయ్యాక చూద్దాం."

"రేపటి షాట్‌లో తాడు కుడిచేత్తోనే కదా పట్టుకోవాలి?"

"నువ్వు గౌన్లేసుకుని తిరిగే రోజుల నుంచి పట్టుకుంటున్నా తాళ్ళు. అక్కడెవరికైనా ఈ సంగతి చెప్పావో, నాకు చెల్లెలే లేదనుకుంటా!"

ఆ మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. వదిన లేచి నీళ్ళ గ్లాసు తెచ్చిస్తే ఎడమచేత్తో అందుకున్నాడు.

మర్నాడు హాలు మధ్యలో రెండంతస్తుల ఎత్తున ఇనుప చట్రం నిలబెట్టి ఉంది. కథానాయకుడు కూలిపోతున్న వంతెన మీంచి దూకి, వేలాడే తాడు పట్టుకుని ఊగి, అవతల పడాలి. కింద మందపాటి పరుపు వేశారు. అన్నయ్య అప్పటికే పైన నిలబడి భుజాలు తిప్పుకుంటున్నాడు.

ఆమెకు ఆ హాల్లో పని లేదు. అయినా గోడవారగా నిలబడింది. చెబితే అన్నయ్య దక్కడు. చెప్పకపోయినా దక్కడేమో. దర్శకుడు "అందరూ సిద్ధమేనా?" అని అరిచాడు. అప్పుడామె నేరుగా నడిచి వెళ్ళి పరుపు మధ్యలో కూర్చుంది.

అందరూ అటు తిరిగారు.

"ఏం చేస్తున్నారమ్మా అక్కడ?" అన్నాడు దర్శకుడు.

"కూర్చున్నానండీ."

"లేవండి!"

"లేవను."

పైనుంచి అన్నయ్య గొంతు వినబడింది. "చిట్టీ, లే."

"ముందు నువ్వు దిగు."

"అందరి ముందూ పరువు తియ్యకే!"

"నేనేం చెప్పలేదుగా అన్నయ్యా. కూర్చున్నా, అంతే."

కొందరు నవ్వారు. అన్నయ్యకు ఒళ్ళు మండి నిచ్చెన మెట్లు గబగబా దిగసాగాడు. సగం దిగేసరికి కాలు మెట్టు వదిలింది, కింది మెట్టును పట్టుకోవాల్సిన కుడిచేయి మాత్రం కదలడానికి ఆలస్యం చేసింది. ఒళ్ళు పక్కకు తిరిగిపోయి ఎడమచేతి మీద వేలాడాడు. టెక్నీషియన్ పెద్దాయన అందరికంటే ముందు పరుగెత్తి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

నేల మీదికి వచ్చాక అన్నయ్య తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒంటి మీది బంతులు తీయకుండానే, ఆ నల్లటి దుస్తుల్లోనే వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు.

డాక్టర్ దగ్గరికి వదినే తీసుకెళ్ళింది. బొటనవేలూ చూపుడువేలూ టకటకా కొట్టమన్నారట. ఎడమచేయి కొడుతూనే ఉంది. కుడిచేయి నాలుగు దెబ్బలు కొట్టి, ఆ దెబ్బలూ చిన్నవైపోయి, ఆగిపోయిందట. నడిపించారు, రాయించారు, ఇంకేవో పరీక్షలు చేశారు. పార్కిన్సన్స్ అన్నారు. మందులతో చాన్నాళ్ళు బాగానే నెట్టుకురావచ్చు, కానీ పూర్తిగా పోయేది కాదన్నారు. వదిన ఇవన్నీ ఫోన్లో చెబుతుంటే ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుని వింది.

"నాతో మాట్లాడతాడా వదినా?"

"నాతోనే మాట్లాడటం లేదు. గోడతో మాట్లాడుతున్నాడు. నీ వంతు రావడానికి టైం పడుతుంది."

వంతు రావడానికి వారం పైనే పట్టింది. ఒకరోజు ఆమె పని చేసుకుంటుంటే అన్నయ్య వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు చూపించు," అన్నాడు.

ఆమె చూపించింది. దిద్దని నడకలు, పరుగులు ఒకదాని తర్వాత ఒకటి. చర్మం లేని ఆ ఎముకల గూడు తెర మీద నడుస్తూ పోయింది. అన్నయ్య రెప్ప వాల్చలేదు.

"ఇవన్నీ నువ్వు దిద్దావా?"

"ఊఁ."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"కెమెరాల తప్పనుకున్నా."

అన్నయ్య నిట్టూర్చాడు. "నేను గుండీల తప్పనుకున్నా. ఈ రోజుల్లో చొక్కాలు సరిగా కుట్టడం లేదనుకున్నా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన చూడనట్టు తెర వైపు తిరిగాడు.

దూకే షాట్లన్నీ కొత్తగా వచ్చిన ఫైటరమ్మాయి చేసింది. చివరి కట్‌సీన్ మాత్రం తనే చేస్తానని అన్నయ్య పట్టుబట్టాడు. చచ్చిపోయాడనుకున్న తండ్రి గనిలో దొరుకుతాడు. కొడుకును గుర్తుపట్టడు. చలికి వణుకుతున్న తండ్రికి కొడుకు తన కోటు తొడిగి, గుండీలు పెడతాడు. మాటలు లేవు.

"గుండీలు తీసేసి జిప్ పెడదామా మాస్టర్?" అన్నాడు దర్శకుడు.

"గుండీలే ఉంచండి," అన్నాడు అన్నయ్య.

షాట్ మొదలైంది. కోటు తొడిగాడు. మొదటి గుండీ దగ్గర చేయి గాలిలో ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత వణుకుతూ, జారుతూ, మళ్ళీ పట్టుకుంటూ గుండీ పెట్టాడు. తండ్రి వేషం వేసిన ముసలి నటుడు, పిల్లవాడిలా, గడ్డం కాస్త పైకెత్తి సహకరించాడు. షాట్ అయ్యాక దర్శకుడు నోరు తెరిచాడు గానీ ఇంకోసారి అనలేదు.

ఆ వణుకును అలాగే ఉంచుదామని దర్శకుడి పట్టు. ఎవరూ అలా నటించలేరన్నాడు. ఆమెకూ అదే నిజమనిపించింది.

"తీసెయ్యండి," అన్నాడు అన్నయ్య.

"మాస్టర్, అదే ప్రాణం ఈ సీనుకి!"

"ఆ వణుకు నాది. వాడిది కాదు. వాడికి పాతికేళ్ళు. జనం నా జబ్బు చూసి చప్పట్లు కొడితే, నా పని బాగుందని నేనెలా అనుకోగలను?" చెల్లెలి వైపు తిరిగాడు. "చిట్టీ, తీసెయ్."

ఆమె తీసింది. వణుకు తుడవగానే సీను చచ్చిపోయింది. చేయి చక్కగా వెళ్ళి, చక్కగా గుండీ పెట్టి, చక్కగా వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆ మైనపు బొమ్మే. అన్నయ్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన ఎడమచేత్తో గాలిలో చేసి చూపిస్తే, దాన్ని కుడివైపుకు తిప్పి, వేలు వేలూ తన చేత్తో మలిచింది. "ఇక్కడ ఊపిరి పీల్చాలే." "ఇక్కడ వాడు తండ్రి ముఖం చూడడు, చూస్తే ఏడుస్తాడు." "అంత తొందరేంటే, బస్సుకెళ్ళాలా వాడు?" అంటూ ఆయన వెంటపడ్డాడు. ఇద్దరూ దెబ్బలాడుకున్నారు, రాజీపడ్డారు, మళ్ళీ దెబ్బలాడుకున్నారు.

చివరికి మొదటి గుండీ ముందరి ఆ ఆగడం ఒక్కటే మిగిలింది.

"అన్నయ్యా, ఇక్కడ నువ్వు ఆగావా, నీ చేయి ఆగిందా?"

అన్నయ్య దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"తెలీడం లేదే," అన్నాడు. "నిజంగా తెలీడం లేదు."

ఆమె ఆ ముక్కను ఇంకోసారి వేసింది.

"ఉంచు," అన్నాడు.

గేము విడుదలైంది. కట్‌సీన్లు ఈసారి బాగున్నాయన్నారు. నది నీళ్ళు ప్లాస్టిక్‌లా ఉన్నాయన్నారు. కోటు సన్నివేశంలో ఏడ్చామని చాలామంది రాశారు. ఒకడు మాత్రం, 'గుండీ దగ్గర గేము హ్యాంగయిందనుకుని ఆపి మళ్ళీ మొదలుపెట్టా' అని రాశాడు. అది చదివి అన్నయ్య కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

ఇప్పుడాయన స్టూడియోలో కొత్తవాళ్ళకు పడటం, లేవడం నేర్పుతున్నాడు. మందు పనిచేసే పూట బాగానే ఉంటాడు. పనిచేయని పూట అందరి మీదా ఎగిరిపడతాడు. ఫైటరమ్మాయి ఆయనకు తగ్గ గయ్యాళి. ఎదురు తిరుగుతుంది.

నిలకడ లేనిది ఆమె మనసుకే. బస్టాపులో నిలబడితే జనం ముఖాలు కనబడవు, చేతులు కనబడతాయి. ఎవరిది ఊగుతోంది, ఎవరిది ఊగడం లేదు. ముందు నడిచే ముక్కూముఖం తెలియని మనిషి కాలు ఈడుస్తుంటే పిలిచి చెప్పాలా వద్దా అని నాలుగడుగులు వెంటపడి, సిగ్గుపడి ఆగిపోతుంది.

మొన్న భోజనానికి వెళ్ళినప్పుడు వదిన కంచాలు పట్టుకుని వంటింట్లోంచి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటే ఆ చూపు? నా నడకలో ఏమైనా ఉందా?"

"ఏం లేదు వదినా."

"ఉంటే చెప్పు. దిద్దుకుంటూ కూర్చోకు," అంటూ వదిన వచ్చి కంచాలు వేసింది.