గ్రీజు ముద్ద కింద

తుప్పు దగ్గర నాకు మొహమాటం లేదు. ఇరవై రెండేళ్లుగా లారీల, బస్సుల చట్రాలకు గొట్టంతో ఇసుక కొట్టి తుప్పు రాలగొడుతున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన ఇనుము మీద గోరంత మచ్చ చూపిస్తే మీసం తీసేస్తానని అందరితో పందెం కాస్తుంటాను. నా బాధల్లా బండి తెచ్చేవాళ్లతోనే. పని రాకపోయినా నోరుంటుంది కదా, పక్కన నిలబడి ఇక్కడ కొట్టు, అక్కడ కొట్టు అంటారు. అందుకే షెడ్డు గుమ్మం మీద రేకు బోర్డు తగిలించాను: ‘సలహాలు చెప్పరాదు.’

మా ఆవిడ తమ్ముడు ఒక పాత బస్సు కొన్నాడు. శుక్రవారం తనిఖీలో నెగ్గితే సోమవారం నుంచి బడిపిల్లల్ని తిప్పే పని వాడిది. నెగ్గకపోతే ఇంకొకడిది. బస్సు తెచ్చి నా షెడ్డులో పెట్టాడు.

"బావా, ముందు చక్రం పక్కన గ్రీజు ముద్ద ఉంది. దాని జోలికి మాత్రం పోకు. ఎందుకంటే..."

నేను బోర్డు వైపు చెయ్యి చూపించాను. వాడు నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

నిప్పు లేనిదే పొగ రాదు. గ్రీజు పూసి కప్పెట్టాడంటే కింద చిల్లు ఉన్నట్టే. అక్క మొగుడి దగ్గరే దొంగాటా? కిరసనాయిలు గుడ్డతో గ్రీజంతా తుడిచేశాను. వేళ్లకు గరుకుగా, ఎగుడుదిగుడుగా తగిలింది. మొండి తుప్పు! ఒళ్లు మండింది. గొట్టం మూతి దగ్గరగా పెట్టి, మిగతా చోట రెండు నిమిషాలు కొట్టేది ఇక్కడ పది నిమిషాలు కొట్టాను. ఇనుము తెల్లగా, నున్నగా తేలింది. చిల్లు లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశపడ్డాను కూడా. సాయంత్రానికి ఎర్ర ప్రైమరు పట్టించేశాను.

శుక్రవారం తనిఖీ అధికారి షెడ్డుకే వచ్చాడు. బస్సు కింద దూరి, సుత్తితో తట్టి తట్టి చూశాడు.

"నా సర్వీసులో ఇంత శుభ్రమైన చట్రం చూళ్లేదండీ."

నేను మీసం దువ్వాను. ఆయన జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి, కాగితాన్ని ముందు చక్రం పక్కన చట్రానికి ఆనించి పెన్సిలుతో రుద్దాడు. మళ్లీ రుద్దాడు. కాగితం నల్లబడింది గానీ ఒక్క అంకె పడలేదు.

"చట్రం నంబరేదండీ? ఇక్కడే కదా పొడిచి ఉండాలి?"

మొండి తుప్పనుకుని నేను పది నిమిషాలు కొట్టింది ఆ అంకెల్నే. ఏ బండి వచ్చినా ముందు నంబరు వెతికి, ఇసుక తగలకుండా దాని మీద రబ్బరు ముక్క అంటించి గానీ గొట్టం పట్టని వాణ్ని. దొంగను పట్టుకునే ఆత్రంలో ఈ ఒక్కసారి మరిచాను.

"బండి బంగారంలా ఉంది. కానీ కాగితాల్లో ఉన్న బండి ఇదేనని నేనెలా రాయను? కొత్త నంబరుకి అర్జీ పెట్టుకోండి, మూడు నెలలు పట్టొచ్చు" అని ఆయన వెళ్లిపోయాడు.

బావమరిది నేల మీద కూలబడ్డాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"నంబరు చెడకుండా గ్రీజు పూశానని ఒక్క ముక్క చెప్పొచ్చు కదరా!"

వాడు తల ఎత్తకుండానే గుమ్మం మీది బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

దాని మీద చుక్క తుప్పు లేదు. వారం వారం నేనే తుడుస్తాను.