వచ్చి చూడు

అలబామాకు వచ్చిన మొదటి ఏడాది ఆర్విడ్ నైస్ట్రమ్‌కు చెప్పుకోదగ్గ చేప ఒక్కటీ పడలేదు. ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో అయితే ఏ సరస్సులో ఏ బండరాయి పక్కన ఏ వేళకు బాస్ చేప మాటు వేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. భార్య మార్లిస్ ఊపిరితిత్తులు ఆ చలికి ఇక ఆగవని డాక్టరు తేల్చాక, ఇల్లమ్మి ఇద్దరూ దక్షిణానికి వచ్చేశారు. ఇక్కడి జలాశయంలో నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి. అడుగు కనబడదు. అక్కడ పనికొచ్చిన ఎరలను ఇక్కడి చేపలు మూతితో కూడా తాకవు.

పడవలు దించే రేవులో హోయిట్ లెడ్‌బెటర్ రోజూ అతని కోసమే కాచుకున్నట్టు ఉండేవాడు. లారీలు బాగుచేసి రిటైరైన మనిషి, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు.

"ఏం మంచుమనిషీ, ఇవాళ కూడా గాలానికి స్నానం చేయించి తెచ్చావా?"

"చేయించాను. చేపలన్నీ నీ దగ్గరే దాక్కుంటే నేనేం చెయ్యను?"

"వాటికీ నాకూ చుట్టరికం ఉందిరా నాయనా. నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవాడివి."

ఊళ్ళో అందరూ ఆర్విడ్‌తో మర్యాదగానే మాట్లాడేవారు. వెక్కిరించేవాడు హోయిట్ ఒక్కడే. ఆ వెక్కిరింత కోసమే చేపలు పడని రోజున కూడా ఆర్విడ్ రేవుకు వెళ్ళేవాడు.

"ఎవరో ఒకరు తిడితే గానీ నీకు ఊరు నచ్చదు" అనేది మార్లిస్.

చలికాలం చివర్లో ఒక రోజు హోయిట్ అతన్ని తన పడవ ఎక్కించుకున్నాడు. జలాశయం కొసన, సన్నటి పాయ దగ్గర ఇంజను ఆపేసి, తెడ్డుతో నెమ్మదిగా లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ మాత్రం ఊటనీరు, అద్దంలా ఉంది.

"ఇప్పుడేం లేదు. డాగ్‌వుడ్ చెట్లు పూసినప్పుడు వచ్చి చూడు. కళ్ళు చెదిరిపోతాయి" అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడ లూరీన్‌కి తప్ప ఈ చోటు ఎవరికీ చూపించలేదు."

కొండవాలు మీద డాగ్‌వుడ్ తెల్లగా విరబూసిన ఉదయం ఆర్విడ్ ఒక్కడే వెళ్ళాడు. అడుగున ఇసుకను తోకలతో ఊడ్చి చేసుకున్న గుంటలు, పళ్ళేలు పరిచినట్టు. గుంట గుంటకూ చేప. అంత పెద్ద బాస్‌లను అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గాలం వేశాడు. ఎర గుంటలో పడగానే చేప దాన్ని నోట కరిచేది. ఆకలితో కాదు. ఇంట్లో పడ్డ చెత్తను తీసి బయట పారేసే ఇల్లాలిలా కరిచేది. ఆ తేడా అతని కంటబడింది. కంటబడినా చెయ్యి ఆగలేదు.

వాటిలో మంచివి ఏరి, ఐసుపెట్టెలో సర్ది, నేరుగా హోయిట్ ఇంటికి పట్టుకెళ్ళాడు. ఏడాది పొడవునా పడ్డ వెక్కిరింతలకు ఇదీ నా జవాబు అనుకుంటూ మూత తీశాడు.

హోయిట్ నవ్వలేదు. ఒక చేప పొట్ట మీద బొటనవేలు ఆనించి చూశాడు. నిండా గుడ్లు.

"ఎక్కడివి?"

"నువ్వు చెప్పిన చోటే! డాగ్‌వుడ్ పూయగానే వెళ్ళాను."

హోయిట్ మూత చప్పుడు కాకుండా వేశాడు. "శ్రమపడి తెచ్చారు. సంతోషం, నైస్ట్రమ్ గారూ."

అదీ వేళాకోళమే అనుకుని ఆర్విడ్ నవ్వబోయాడు. ఎదుటి మనిషి ముఖం చూసి ఆగిపోయాడు.

సంగతి ఎరల కొట్టు నెల్డా చెబితే తెలిసింది.

"గుడ్లు పెట్టే గూళ్ళ మీది చేపల్ని ఇంటికి పట్టుకుపోయావా?"

"నిషేధం లేదుగా! రూల్స్ చదివే వెళ్ళాను."

"లేదు బాబూ. నిషేధం లేదు కాబట్టే మాకు మేము ఆగుతాం. సరదాపడి పట్టినవాళ్ళు కూడా అక్కడికక్కడే వదిలేస్తారు. హోయిట్ అయితే ఆ పాయలో అసలు గాలమే వెయ్యడు. అతనూ లూరీనూ ఏటా రొట్టెలు కట్టుకుని వెళ్ళి, పొద్దుగూకేదాకా చూసొచ్చేవాళ్ళు."

మిన్నెసోటాలో చేపలు గూడు కట్టే రోజుల్లో బాస్ వేట ప్రభుత్వమే మూసేసేది. తెరిచాక ఆర్విడ్ అందరితోపాటు వెళ్ళేవాడు. పట్టాలా వద్దా అని తనంతట తాను ఆలోచించుకోవలసిన అవసరం ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. 'వచ్చి చూడు' అంటే చూడమనే అర్థమని కూడా తట్టలేదు.

క్షమాపణ చెప్పడానికి వెళితే హోయిట్ వసారాలో కుర్చీ వేశాడు. చల్లటి టీ ఇచ్చాడు. "మీకు తెలియదు కదండీ. మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

ఇంటికి రాగానే మార్లిస్ అడిగింది. "క్షమించాడా?"

"క్షమించాడు. 'మీరు' అంటున్నాడు."

ఆమె అతని చేతిలోంచి టోపీ తీసుకుని కొక్కేనికి తగిలించింది.

మరుసటి ఏడు డాగ్‌వుడ్ పూసినప్పుడు ఆర్విడ్ గాలం ఇంట్లో పెట్టి వెళ్ళాడు. పాయ మొదట్లోనే ఇంజను ఆపి, తెడ్డుతో లోపలికి వెళ్ళాడు. నిరుటి గుంటలు చాలావరకు పూడిపోయి ఉన్నాయి. ఒక్కదాని మీద ఒక మగచేప తిరుగుతోంది. గుడ్లు తినవచ్చిన చిన్న చేపలను అటు తరిమి వచ్చేసరికి ఇటునుంచి మరికొన్ని దూరుతున్నాయి. ఆర్విడ్ ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాడు.

వెనక తెడ్డు చప్పుడైంది. హోయిట్ పడవ పాయ మొదట్లో ఆగి ఉంది. అతని కళ్ళు ముందు ఆర్విడ్ పడవలోకి వెళ్ళాయి. గాలం లేదని గ్రహించాయి.

"ఉన్నాయా?" అన్నాడు.

"ఒకటుంది. రా, ఇటునుంచి బాగా కనిపిస్తుంది" అంటూ ఆర్విడ్ తన పడవను పక్కకు జరిపాడు. ఒక్క తిట్టు కోసం, మంచుమనిషీ అన్న ఒక్క పిలుపు కోసం ఎదురుచూశాడు.

హోయిట్ కాసేపు నీళ్ళకేసి చూశాడు. తర్వాత టోపీ అంచు తాకి, తెడ్డు వేసి పడవను వెనక్కి మళ్ళించాడు.

"చూడండి" అన్నాడు. "మీరు చూడండి."