ఆకుపచ్చ గడి

జయంతి రాయదుర్గంలోని ఒక ఆఫీసులో పనిచేసేది. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి ఎక్కడెక్కడ పేదలున్నారో అంచనా వేసే ప్రోగ్రాం వాళ్లది. నగరాన్ని గడులుగా విడగొట్టి, పేదల గడికి ఎరుపు, కలిగినవాళ్ల గడికి ఆకుపచ్చ వేస్తుంది. ఆ రంగు ఎందుకు వేసిందో కూడా చూపిస్తుంది. ఆ కారణాలు చూపించే భాగం జయంతిది. ఏడాదిన్నర దానిమీదే కూర్చుంది. ఒక సేవాసంస్థ ఆ పటం తీసుకుని, తమ వైద్యం బండ్లు ఏ బస్తీలకు వెళ్లాలో దాన్నిబట్టే తేల్చుకుంది.

ఆ ఆఫీసు ఊడ్చి తుడిచే యాదమ్మది వనపర్తి వైపు. నార్సింగి దగ్గర కూలీల రేకుల షెడ్లలో ఉంటుంది. భర్త సాయిలు పక్కనే లేస్తున్న టవర్లలో సెంట్రింగ్ పని చేసేవాడు. షుగర్ ముదిరి కాలికి పుండు పడ్డాక మంచం పట్టాడు. వారానికి రెండుసార్లు ఆ బండిలో వచ్చే నర్సే కట్టు మార్చేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం యాదమ్మ మాటల్లో మాటగా చెప్పింది, మూడు వారాలుగా బండి రావడంలేదని. డ్రైవర్‌ని అడిగితే మీ బస్తీ పేరు కంప్యూటర్లో పోయిందన్నాడట.

జయంతి వెంటనే పటం తెరిచింది. కొత్త ఫొటోలతో ఈమధ్యే మారిన పటంలో యాదమ్మ వాళ్ల గడి పచ్చగా ఉంది. కారణాలు చూస్తే అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. దాచడం ఇష్టంలేక యాదమ్మను పిలిచి చూపించింది.

"ఈ నీలం మరక టవర్ వాళ్ల ఈతకొలను, యాదమ్మా. ఇది పెద్ద రోడ్డు. ఈ మెరుపు మీ షెడ్ల మీద మొన్న ఎండాకాలంలో వేసిన కొత్త రేకులు. ఇవి చూసి మీరంతా ఉన్నవాళ్లనుకుంది."

యాదమ్మ తన షెడ్డు కోసం చాలాసేపు వెతుక్కుంది.

"తప్పని మీకు ఎరుకైంది గదా మేడం. ఎరుకైనంక గూడ బండి రాదా?"

వచ్చేలా చూస్తానంది జయంతి. ఆ సాయంత్రమే మేనేజర్ రామబ్రహ్మంతో మాట్లాడింది. ఆయన చెడ్డవాడేం కాదు. అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఒక్క గడి చేత్తో మారిస్తే, మిగతావి ఎందుకు నమ్మాలని సంస్థవాళ్లు అడుగుతారమ్మా. కారణం చూపించమన్నారు, చూపించాం. అంతవరకే మన పని."

జయంతి సేవాసంస్థకు తనే రాసింది. వచ్చే ఏడాది సవరణలో పరిశీలిస్తామని మర్యాదగా జవాబొచ్చింది. ఒక శనివారం సాయిలును మణికొండలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. రోజూ కట్టు మార్చాలన్నాడాయన. రోజూ తీసుకెళ్లేదెవరు? యాదమ్మ నాగా పెడితే కాంట్రాక్టరు ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. యాదమ్మే పాత చీర చింపి కట్లు కట్టింది. జయంతి దూది, మందు కొనిచ్చింది.

దసరాకి ముందు పెద్ద దవాఖానలో సాయిలు కాలు మోకాలి దాకా తీసేశారు. జయంతి చూడటానికి వెళ్తే, తెలివిలోనే ఉన్న సాయిలు దుప్పటి సరిచేసుకుని, "కూసోండి మేడం" అన్నాడు. జయంతి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇక పనిలోకి రాలేని మనిషికి టవర్లు కట్టేవాళ్లు షెడ్డు ఇవ్వరు. వారంలో ఇద్దరూ ఊరికి వెళ్లిపోయారు.

ఆఫీసులో యాదమ్మ స్థానంలో నాగమణి అనే ఆమె చేరింది. మొదటిరోజు జయంతి బల్ల తుడుస్తూ నవ్వింది. జయంతీ నవ్వింది. ఎక్కడ ఉంటావని మాత్రం అడగలేదు.