మంట లేని వంట

బ్రూక్షాబాద్‌లో ఆగని ముసురు. కట్టెలు నానిపోయి, పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా పొగే. అలాంటి రోజున అమ్మడు బడి నుంచి వచ్చి, టీపొడి వచ్చే ఖాళీ చెక్కపెట్టెలో కొబ్బరి పీచు దట్టించడం మొదలుపెట్టింది.

“ఏటే గుంటా, కోడిని పొదగేత్తావేటి?” అంది నానమ్మ ముసలమ్మ.

“అన్నం ఒండుతాను మామ్మా. బడిలో హోం సైన్స్ సెప్పే దీదీ సెప్పింది. బియ్యం ఒక్క ఉడుకు రానిచ్చి, గిన్నెకి మూతెట్టి పీచులో కప్పెట్టాల. అంతే.”

“ఒంట నేర్సుకోడానికి బడెందుకో” అంటూ తల్లి యర్రమ్మ చేపల తట్ట ఎత్తుకుని బజారుకు వెళ్లిపోయింది.

అమ్మడు గిన్నెను పెట్టెలో పెట్టి, పైన గోనెసంచి కప్పి నీళ్లకు వెళ్లింది. ముసలమ్మకు కాలు నిలవలేదు. ఈ దీవికి వలస వచ్చి ఓడ దిగిన నాడు ఒడ్డున మూడు రాళ్లు పెట్టి వండిన మనిషి, మంట లేని వంట మాత్రం ఎరగదు. పెట్టెకు చెవి ఆనించింది. చప్పుడు లేదు. మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. మూసింది. కాసేపటికి మళ్లీ తీసింది. మరోసారి మెతుకు నలిపి చూసింది.

అమ్మడు వచ్చి చూస్తే అన్నం పలుకుగానే ఉంది.

“నీల్లు తక్కువయ్యాయేమో” అంది దిగులుగా.

“నీల్లు కాదే. ఎలాగుడుకుతాందో అని నానే మూత తీసేను.”

అమ్మడుకు కోపం రాలేదు సరికదా, ముఖం వెలిగింది. “అయితే అదే. తీసినప్పుడల్లా యేడి పోయింది. పీచు యేడిని పోనియ్యదు మామ్మా.”

మర్నాడు ముసలమ్మ ఏకంగా పెట్టె మీదే కూర్చుంది. యర్రమ్మ బజారు నుంచి వచ్చి పిలిచినా లేవలేదు. చివరికి మూత తీస్తే అన్నం మల్లెపువ్వులా విచ్చుకుంది. యర్రమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, పొయ్యి పక్కన మిగిలిన కట్టెల వైపు చూసింది.

“రేపు నాకూ సూపించవే” అంది కూతురితో.

ముసలమ్మ మాత్రం తినడం ఆపి ఆలోచనలో పడింది.

“అమ్మడూ, పీచు యేడిని దాత్తాది, బాగుంది. మరి జెట్టీ కాడ మంచుగడ్డని రంపపు పొట్టులో ఎందుకు కప్పెడతారు? కరిగిపోవాల గదా?”

అమ్మడు తల అడ్డంగా ఊపింది. “నాకు తెల్దు. దీదీని అడుగుతాను.”

“నువ్వడిగితే నాకు సగమే సెప్తావు,” అంది ముసలమ్మ చెయ్యి కడుక్కుంటూ. “నన్నూ తీసుకెల్లు.”