చిన్నవాళ్ళు ముందు

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు మామగారు. అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి తేదీ ఖాయమైంది, ఆస్పత్రిలో గది కుదిరింది, కోడలు మూడు నెలలు సెలవు పెట్టాలనీ తేలిపోయింది. అన్నీ తేల్చుకున్నాక అడగడం ఆ ఇంటి మర్యాద. ఆమె గిన్నెలు తోముతూనే "మీ ఇష్టం మామయ్యా" అంది. పెళ్ళయిన నాటినుంచీ అదే జవాబు.

ఆమె ఆడిటరు. ఆఫీసు పెద్దాయన మంచివాడు, వచ్చిన చిక్కల్లా అదే. "తల్లీ" అనే పిలుస్తాడు. ఈ ఏడు ఆమెను భాగస్వామిగా తీసుకోమని విదేశంలోని ప్రధాన కార్యాలయానికి రాస్తానన్నాడు. ఆ కార్యాలయమే ఈమధ్య ఒక నియమం పంపింది: లెక్కల మీద సందేహం వస్తే సమావేశంలో అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్ళు చివర. మనవాళ్ళు తక్కువ తిన్నారా? ముందురోజు సాయంత్రం పెద్దాయన అందరినీ టీకి పిలుస్తాడు. మర్నాడు చిన్నవాళ్ళే ముందు మాట్లాడతారు, ఆయన చెప్పిన మాటే.

ఈసారి టీ బట్టల మిల్లు గురించి. గోదాము నిండా అమ్ముడుపోని తానులు, పుస్తకాల్లో మాత్రం కొత్త సరుకు ధర. ఆమె స్వయంగా వెళ్ళి తానుల మీద కప్పిన పట్టా ఎత్తి చూసింది. బూజు వాసన గుప్పుమంది. గుడ్డ పట్టి లాగితే చిరిగి చేతికొచ్చింది.

"మిల్లు ఓనరు నా చిన్ననాటి స్నేహితుడమ్మా," అన్నాడు పెద్దాయన. "నీ సరుకు పనికిరాదని మొహం మీద రాయడం మన పద్ధతి కాదు. మంచి రోజులొస్తే అదే కదులుతుంది. ఆ దేశం వాళ్ళకేం, మొహమాటం లేని మనుషులు." ఆమె తల ఊపింది. ఊపినందుకు దారి పొడుగునా తనమీద తనకే ఒళ్ళు మండింది.

కూరగాయలు తరుగుతూ భర్తకు చెప్పింది. "ఆయన నీకంత చేస్తుంటే లేనిపోని గొడవెందుకు? సర్దుకుపో" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. సర్దుకుపో. ఈ ఇంట్లో ఆమె సర్దనిదేముంది? నియమాల పుస్తకం రెండు దేశాల్లోనూ ఒకటే. తీరా తీర్పు చెప్పాల్సి వచ్చేసరికి మనిషి తన ఇంటిని కూడా వెంట తెచ్చుకుంటుంది. వంటగదిలో అలవాటైన "మీ ఇష్టం" ఆఫీసుకెళ్ళి "మీ ఇష్టం సార్" అవుతుంది. ఆ లెక్కలు నమ్మి మిల్లు వాటాలు కొనేవాళ్ళలో తనలాంటి వాళ్ళు ఎందరో. భాగస్వామ్యం పోతే పోయిందనుకుంది. అనుకోవడం తేలిక కాలేదు, అయినా అనుకుంది.

మర్నాడు బల్ల చుట్టూ నలుగురు. ఆమే అందరికంటే చిన్నది.

"సరుకు పాడైపోయింది. విలువ తగ్గించాలి. దానివల్ల మిల్లుకి నష్టమొస్తే నష్టమనే చూపించాలి" అంది.

మిగతా ఇద్దరూ పెద్దాయన వంక చూశారు. ఆయన కోప్పడలేదు. బుజ్జగింపుగా నవ్వి, "ఇంత పెద్ద మాట అనేముందు మీ ఆయనతో ఆలోచించావా తల్లీ?" అన్నాడు.

"చెప్పాను సార్. కానీ ఆయన గోదాముకి రాలేదు," అంది. "మీరూ రాలేదు."