సరే అనకూడని ఇల్లు

ఆ ఇంట్లో ఉప్పు అడిగినా రభసే. "కాస్త ఉప్పందుకో అమ్మాయ్" అని అత్తగారు అంటే "సరే అత్తయ్యా" అనడానికి వీల్లేదు కోడలికి. అందామని నోరు తెరిచిందో లేదో, ముందు గదిలో పేపరు చదువుకుంటున్న మావగారు గావుకేక పెట్టేవాడు. "ఏమన్నావ్?" పాపం ఆ పిల్ల నాలుక కరుచుకుని "ఉప్పు అందుకుంటున్నాను అత్తయ్యా" అనాలి. డబ్బా చేతికిచ్చాక "ఉప్పు అందించాను అత్తయ్యా" అని మళ్ళీ చెప్పాలి. ఈ తతంగమంతా అయ్యేసరికి పొయ్యి మీద కూర కాస్తా అడుగంటేది.

"ఇది ఇల్లా, ఓడా?" అని అత్తగారు ఒంటికాలి మీద లేచేది.

"ఓడే అనుకోవే. నీకు పోయిందేముంది?"

"కూర పోయింది!"

మావగారు ఉద్యోగమంతా సరుకుల ఓడల మీద చుక్కాని పట్టినవాడు. రేవులో ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు, 'చుక్కాని' అంటే చాలు, ఇంటిదాకా తీసుకొచ్చి దింపుతారు. మోకాళ్ళు మొరాయించాక ఓడ దిగి, రేవులోనే తాళ్ళ గోడౌను చూసుకుంటున్నాడు. కొడుకు తన దారిలోకి వస్తాడని గంపెడాశ పెట్టుకున్నాడు గానీ, వాడికి ఒడ్డున కట్టేసిన పడవను చూసినా కడుపులో దేవుతుంది. చక్కగా దర్జీ పని నేర్చుకుని, వీధి చివర కొట్టు పెట్టి, ఓడవాళ్ళ యూనిఫారాలు కుడతాడు. సముద్రానికి అంతకంటే దగ్గరికి వెళ్ళమంటే దండం పెడతాడు. ఆ కొట్టుకే ఒకరోజు యూనిఫాం కొలతలివ్వడానికి వచ్చింది ఈ పిల్ల. కొలతలు ఎన్నిసార్లు తీసినా వాడికి తేడా వస్తూనే ఉండటంతో విషయం ఇద్దరికీ అర్థమైంది, పెళ్ళయింది. ఇంకేం, ఓడ మీద పనిచేసే కోడలు దొరికిందని ముసలాయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇన్నాళ్ళూ కోడలు తీరం వెంబడి తిరిగే చిన్న ఓడ మీద డెక్కు పని చేసింది. తుప్పు గీకడం, రంగులు వేయడం, తాళ్ళు లాగడం. వారం తిరిగేసరికి ఇంట్లో ఉండేది. ఇప్పుడు చుక్కాని పరీక్షకు కూర్చుంటోంది. ఆ సర్టిఫికెట్టు చేతికొస్తే పెద్ద ఓడ మీద చోటు ఖాయం. పెద్ద ఓడంటే మాటలా? ఎండల్లో ఎక్కితే వానలు వెలిశాక గానీ దిగనివ్వరు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పిల్ల పరీక్ష తప్పితే బాగుండునని అత్తగారి కోరిక. ఆవిడ రాక్షసేం కాదు. ఇన్నేళ్ళూ మొగుడు సముద్రం మీద, కొడుకు కుట్టుమిషను మీద. నోరు విప్పి మాట్లాడే మనిషి కోసం మొహం వాచిపోయి ఉన్న ఇంట్లోకి ఈ పిల్ల వచ్చింది. వంటింటి గట్టెక్కి కూర్చుని, వంటవాడు పంచదారనుకుని టీలో ఉప్పు కలిపిన కథా, నిచ్చెన మీద నిద్రపోయిన వాచ్‌మన్ కథా చేతులు తిప్పుతూ చెబుతుంటే, అత్తగారికి కడుపుబ్బ నవ్వు వచ్చేది. కూతురు లేని లోటు తీరిందని ఆవిడ పైకి అనలేదు గానీ, కోడలు ఊళ్ళో లేని రోజుల్లో వంట చేయబుద్ధి అయ్యేది కాదు. అలాంటిది నెలల తరబడి అంటే ఆవిడకు గుండెల్లో రాయి పడ్డట్టే ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఏం బాగుంటుంది?

మావగారు వంటింటి గోడకు మేకు కొట్టి పాత సైకిలు చక్రం తగిలించాడు. అదే ఓడ నడిపే చక్రం. కిటికీ అవతల కనిపించే నీళ్ళ ట్యాంకు దీపస్తంభం. పొద్దున గోడౌనుకు వెళ్ళేముందు ఓ పూట, వచ్చాక ఓ పూట పాఠం.

"కెప్టెన్ 'పోర్ట్ టెన్' అన్నాడు. అంటే చుక్కాని ఎడమకు పది డిగ్రీలు. నువ్వు సరే అన్నావు. నువ్వేం విన్నావో ఆయనకేం తెలుస్తుంది? కుడి అని విని ఉంటే? సరే అన్న మాటకు తలా తోకా లేదమ్మా. విన్నదాన్ని విన్నట్టు తిరిగి చెప్పు. తిప్పు. తిప్పాక తిప్పానని చెప్పు. గట్టిగా!"

గట్టిగా అన్నచోటే చిక్కు. కథలు చెప్పేటప్పుడు ఇల్లెగరగొట్టే ఆ పిల్ల, పెద్దవాళ్ళు ఏదైనా పని చెబితే మాత్రం తల ఊపి, వినీ వినపడకుండా 'సరే' అంటుంది. చిన్నప్పటి నుంచి మంచిపిల్ల అనిపించుకున్న అలవాటు.

చక్రం పాఠం మధ్యలో మావగారు ఇంకా చాలా చెప్పేవాడు. బిగుసుకున్న తాడుకు ఎదురుగా నిలబడకు, తెగితే కాళ్ళు మిగలవు. చుట్టగా పడున్న తాడులో పాదం పెట్టకు. డ్యూటీకి ముందు నాలుగు ముద్దలు తిను, ఆకలి మీద కళ్ళు మోసం చేస్తాయి. తెలియకపోతే తెలియదని చెప్పు, నీ పరువేం పోదు. కొత్త ఓడ ఎక్కగానే అందరి మీదా చాడీలు చెప్పేవాడొకడు వచ్చి పక్కన చేరతాడు, వాడికి నమస్కారం పెట్టి జారుకో. వంటవాడితో మాత్రం జన్మలో పోట్లాడకు.

"ఆ చివరిది ఇంట్లో కూడా పాటిస్తే బాగుండు" అనేది అత్తగారు, గరిటె ఆడిస్తూ.

పరీక్ష దగ్గరపడ్డాక మావగారికి గోడౌనులో ఊపిరాడని పని వచ్చిపడింది. దాంతో ఆర్డర్లు చెప్పే పని అత్తగారి నెత్తిన పడింది. "నాకేం తెలుసు ఆ గోల" అని మూతి ముడుచుకుంది గానీ, కోడలు వదిలితేనా? చీటీ మీద రాసిచ్చి మరీ కూర్చోబెట్టింది. ఉల్లిపాయలు తరుగుతూ అత్తగారు "పోర్ట్ టెన్" అంటే కోడలు "పోర్ట్ టెన్" అని చక్రం తిప్పి, "చక్రం పోర్ట్ టెన్ మీద ఉంది అత్తయ్యా" అనేది. చీటీ లేకుండానే ఆర్డర్లు వచ్చేశాయి అత్తగారికి. పాలవాడు గుమ్మంలో నిలబడి నోరెళ్ళబెట్టి చూసేవాడు.

ఒకరోజు ఆవిడకు దుర్బుద్ధి పుట్టింది. ఈ పిల్ల తప్పు చేసి, తన వల్ల కాదనుకుని వదిలేస్తే పీడా పోతుంది కదా అని, పోపు వేస్తూ, ఆ చిటపటల్లో కావాలనే పోర్టో స్టార్‌బోర్డో, అంటే ఎడమో కుడో, తేలకుండా గొణిగింది. కోడలు చక్రం కదపలేదు.

"మళ్ళీ చెప్పండి అత్తయ్యా!"

అబ్బ, ఎంత గొంతు! పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. అత్తగారికి సిగ్గేసింది, ఆ వెంటే గర్వమూ వచ్చింది. మొహం పొయ్యి వైపు తిప్పుకుని, ఈసారి ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆ రోజు నుంచి ఆవిడ మళ్ళీ గొణగలేదు.

పరీక్ష శిక్షణ ఓడ మీద పెట్టారు. రేవు బయటిదాకా తీసుకెళ్ళి, ఆర్డరు మీద ఆర్డరు వేసి, ఆ పిల్లను చెడుగుడు ఆడించారట. కోడలు ఎక్కడా తడబడలేదు. సర్టిఫికెట్టు పట్టుకుని మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంది. మావగారైతే గోడౌనుకు సెలవు పెట్టేసి, ఆ కాగితాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. పెద్ద ఓడ వారం లోపే బయలుదేరుతోంది, సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పమన్నారు. కొడుకుకు కొట్టుకే కబురు వెళ్ళింది. "నీకు ఇష్టమైతే వెళ్ళు, నాకు రోజూ ఫోన్ చెయ్, అలల గురించి మాత్రం చెప్పకు" అన్నాడట.

భోజనాల దగ్గర కోడలు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"అత్తయ్యా, అందరూ చెప్పారు, మీరే చెప్పలేదు. వెళ్ళనా?"

"సరే" అంది అత్తగారు.

మావగారి చేయి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అలవాటు కొద్దీ ఆయన కేక పెట్టబోయాడు గానీ, భార్య మొహం చూసి మింగేశాడు. ఊరుకోనిది కోడలే.

"సరే అంటే ఏంటత్తయ్యా? వెళ్ళమనా? వద్దనా? కోపమా?"

"సరే అంటే సరేనే. ఇంకేముంది అందులో?"

"నాకు తెలియడం లేదు. మళ్ళీ చెప్పండి."

అంతే, అత్తగారికి ఎక్కడలేని ఉక్రోషం తన్నుకొచ్చింది. గరిటె గిన్నెలో పడేసింది. "చెప్పాలా? అయితే విను. నాకు ఇష్టం లేదు! నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు పిచ్చెక్కుతుంది. ఆ చిన్న ఓడ మీద రంగులేసుకుంటూ ఇక్కడే ఉండు. వెళ్ళకు!"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెన్ను నిటారుగా పెట్టి, చక్రం ముందు నిలబడ్డ గొంతుతోనే చెప్పింది. "మీకు ఇష్టం లేదు. నేను లేకపోతే మీకు పిచ్చెక్కుతుంది. రంగులేసుకుంటూ ఇక్కడే ఉండమంటున్నారు. వెళ్ళొద్దంటున్నారు."

ఎదురు చెప్పడం కాదది, ఎత్తిపొడుపూ కాదు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన మాటే తనకు తిరిగి వచ్చింది. అన్నప్పుడు తెలియలేదు గానీ, వింటే తెలిసింది అత్తగారికి. ఎంత చదివి, ఎంత అరిచి సంపాదించుకుంది ఈ పిల్ల! అలాంటి పిల్లను తుప్పు గీక్కుంటూ కూర్చోమంటోంది తను.

"ఆగు, తప్పు చెప్పాను" అంది ఆవిడ, ముక్కు ఎగబీలుస్తూ. "ఇష్టం లేదన్నది నిజం. పిచ్చెక్కుతుందన్నదీ నిజమే. వెళ్ళొద్దన్నది మాత్రం తీసెయ్. వెళ్ళు."

"మీకు ఇష్టం లేదు. అయినా వెళ్ళమంటున్నారు."

"ఆఁ. కడుపునిండా తిని మరీ వెళ్ళు. ఎంగిలి చేత్తో నన్ను పట్టుకోకు, చీర పాడవుతుంది" అనేలోపే కోడలు వచ్చి మెడకు చుట్టుకుపోయింది. చీర పాడైంది.

చేయి కడుక్కుని, కళ్ళు తుడుచుకుని, మొగుడికి చెప్పడానికి కోడలు కొట్టుకు పరిగెత్తింది. కంచాల ముందు ముసలి దంపతులిద్దరే మిగిలారు. మావగారు ఇంకా అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"ఏమే" అన్నాడు చివరికి. "నేను ఓడెక్కిన ప్రతిసారీ సరే అనేదానివి."

"అనేదాన్ని."

"నేను సరేనేమో అనుకున్నాను."

"బ్యాగు భుజానేసుకుని గుమ్మంలో నిలబడి చెప్పేవారు. అప్పుడు ఇంకేమంటాను? ఒక్కసారీ ఇష్టంగా అనలేదండీ. పిల్లాడు పుట్టినప్పుడూ అంతే, వాడికి జ్వరమొచ్చినప్పుడూ అంతే. ఒక్కసారి కూడా మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు."

ఎందరు కెప్టెన్ల మాటలు వినలేదాయన! తుపానులో, పొగమంచులో, ఏ మాటా జారవిడవకుండా విని, తిరిగి చెప్పి నిలబడ్డవాడు. ఇప్పుడు పీట మీద చేయి ఆనించి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా లేచాడు. వచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు.

"పిల్లాడు పుట్టినప్పుడు ఇష్టం లేదు" అన్నాడు. "వాడికి జ్వరమొచ్చినప్పుడు ఇష్టం లేదు. ఒక్కసారి కూడా నేను వెళ్ళడం నీకు ఇష్టం లేదు."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు విన్నారు" అంది.