మా గదిలో భూమధ్యరేఖ

ఉగాండాలో, మా గాండా జనంలో అత్తా అల్లుడూ ఒకే కప్పు కింద ఉండకూడదు. దారిలో ఎదురుపడితే అల్లుడే పొదల్లో దూరాలి. అలాంటిది నెలలు నిండిన నా భార్య నబ్బోసా, "మా అమ్మ పక్కన లేందే నేను కనను" అని మొండికేసింది. మాకున్నది ఒక్క గది.

అప్పుడు పనిచేసింది నా బుర్రే. మా ఇంటి ముందు రోడ్డు మీద భూమధ్యరేఖ అని పసుపు గీత గీసి ఉంది. దాన్ని సున్నంతో గుమ్మం దాటించి వెనక గోడదాకా లాగాను. కులపెద్ద సెకిట్టో తాత వచ్చి గీతకు అటూ ఇటూ నడిచి చూశాడు.

"నువ్వు యూరప్, చైనా ఉన్న సగంలో. మీ అత్త ఆస్ట్రేలియా ఉన్న సగంలో. ఇంత దూరముంటే తప్పేముందిరా?"

"మరి ఆఫ్రికా, తాతా?"

"అది రెండు సగాల్లోనూ ఉంది. మనదేగా, సర్దుకుంటుందిలే."

అత్త దిగింది. నబ్బోసా మంచం సరిగ్గా గీత మీద వేశాం. ఆమె ఒక గోడకేసి, నేను ఒక గోడకేసి తిరిగి కూర్చున్నాం.

"అమ్మాయ్, పై సగమాయన్ని అడుగు, పొయ్యి మీద అరటికాయలు మాడుతున్నాయని తెలుస్తోందా అని."

"కింది సగమావిడకి ముక్కు భేషుగ్గా ఉందని చెప్పవే."

నాలుగు రోజులకి రోడ్డు కొలిచే ఆఫీసరు ఒకడు యంత్రం పట్టుకుని తగలడ్డాడు. "ఈ గీత ఎవరో ఉజ్జాయింపుగా గీశారండీ. అసలు రేఖ మీ అరటితోటలో ఉంది. ఇల్లంతా ఉత్తరార్ధగోళమే."

"ఇన్నాళ్లూ ఒకే సగంలోనా!" అని మమ్మల్ని చూడొచ్చిన తాత నెత్తి బాదుకున్నాడు. అత్త మూట పట్టుకుని, జోరువానలో దక్షిణానికి, అంటే అరటితోటలోకి, పరుగెత్తింది. నేను చైనా ఉన్న వైపు, రోడ్డు మీదికి పరుగెత్తాను.

వెనక కేక వినబడింది. నబ్బోసా పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నొప్పులు మొదలయ్యాయి.

"మీ ఇద్దరికీ చెరో సగం భూమి కావాలి! నేను కనడానికి జానెడు చోటు ఎక్కడుందో చెప్పి పోండి!"

సిగ్గుతో చచ్చిపోయాను. అత్త తడిసిన మూట బురదలో పడేసి వచ్చి, కూతుర్ని పొదివి పట్టుకుంది. పెళ్లయ్యాక మొట్టమొదటిసారి నా మొహంలోకి చూసి నాతోనే మాట్లాడింది.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం అల్లుడుగారూ? లోపలికొచ్చి నీళ్లు కాచండి."

వెళ్లి కాచాను.